ఓటు వేసిన మరునాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. భవనము కట్టుట ఒక యేటి పని. చదువరులను నిలుపుకొనుట ప్రతిదినపు పని. దీపము పెట్టి, పత్రికలు సర్ది, పుస్తకము తిరిగి యియ్యనివారి యిండ్లకు పదిమారులు తిరిగిన వారందరకును ముందుగా నా నమస్కారములు.

ఎన్నికల పిదప సామాన్యజనులలో కలుగు రాజకీయ భేదాభిప్రాయములను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. సరస్వతీ మందిరమున రాజకీయములేల యని పెద్దలు కొందరు సందేహింపవచ్చును. గ్రంథాలయోద్యమము పుట్టుక నెరిగినవారికి ఈ సందేహము కలుగదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారుగాని, 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలైనవారుగాని, వయోజన విద్యకై పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారుగాని, పుస్తకమును జనులకు చేర్చుట కాలక్షేపమునకు మాత్రమే యని తలపలేదు. చదువు నేర్చిన రైతు, చదువు నేర్చిన కూలి తన దేశ వ్యవహారమును తానే తూచుకొనవలెనని వారి యాశ. తూకము వేయువారు పదిమంది యున్నచోట పది విధములైన లెక్కలు వచ్చుట సహజము. కావున భేదాభిప్రాయము గ్రంథాలయమునకు పరాయిది కాదు.

అయితే నిన్నమొన్నటి యెన్నికను గూర్చి నేను మాటలాడినచో, ఈ పందిరి క్రింద కూర్చున్న మనము రెండు వరుసలుగా చీలుదుము. ఒక వరుసవారికి నా మొదటి మాట, రెండవ వరుసవారికి నా కడపటి మాట వినబడకపోవును. అందువలన వేడి చల్లారిన యొక యెన్నికను ఎన్నుకొంటిని. అది 1971 మార్చి నెల మొదటి పదిదినములలో జరిగిన లోకసభ మధ్యంతర ఎన్నిక. ఈ సభలో డెబ్బదియైదేండ్లు దాటిన పెద్దలలో కొందరికి అది తొలి ఓటు. నాడు ఓటు హక్కు ఇరువదియొక్క యేండ్లు నిండినవారికే యుండెనని పిన్నలు గుర్తుంచుకొనవలెను.

మధ్యంతర ఎన్నిక యనగా సభ గడువు తీరకమునుపే దానిని రద్దుచేసి జరుపునట్టి ఎన్నిక. లోకసభకు అట్టిది జరుగుట 1971లోనే మొదటిసారి. తరువాత 1980, 1991, 1998, 1999 సంవత్సరములలోను గడువు తీరకమునుపే ఎన్నికలు వచ్చినవిగాని, మొదటిదాని కొత్తదనము వేరు. 1962లోను, 1967లోను మన ఓటరు ఒకే పర్యాయము రెండు ఓట్లు వేసెను: ఒకటి శాసనసభకు, ఒకటి లోకసభకు. శాసనసభ అభ్యర్థి ఎరిగిన మనిషి. ఆయన తాతగారిని మన తాతగారెరుగుదురు. ఆ ఓటు వెంటనే ఈ ఓటును నడచిపోయెడిది. 1971లో మన శాసనసభ కదలలేదు. దాని ఎన్నిక 1972లో జరిగెను. ఊరివాడు, కులమువాడు, బంధువు అను మాటలు కొంత వెనుకకుపోయి, ఢిల్లీలో ఎవరు పాలింపవలెనను ప్రశ్న ఒక్కటియే మన గడపలోనికి వచ్చి నిలిచెను. అన్నదమ్ములు, బావమరదులు, తండ్రికొడుకులు దేశమును గూర్చి వాదించుకొనుటకు ఆ ఎన్నిక పెద్ద అవకాశము నిచ్చెను.

ఆ వాదములకు మూలమేమి? 1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు మరణించిరి. ఆ స్థానమునకు ప్రధానముగా పోటీపడినవా రిరువురును తెలుగువారే. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. ఆయనకెదురుగా నిలిచినవారు వరాహగిరి వేంకటగిరిగారు. అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవలెనను మాటను ఇందిరాగాంధి వర్గము ముందుకు తెచ్చెను. మొదటి లెక్కలో ఎవరికిని చాలినన్ని ఓట్లు రాక, రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కించిన పిదప గిరిగారు గెలిచిరి. ఆ సంవత్సరమే నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలెను. ఇంతలో 1969 జూలై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడెను. సంస్థానాధీశుల రాజభరణములను రద్దుచేయు బిల్లు 1970 సెప్టెంబరులో రాజ్యసభయందు ఒక్క ఓటుకన్న తక్కువ తేడాతో వీగిపోయెను. రాష్ట్రపతి ఉత్తరువు ద్వారా చేసిన రద్దును సుప్రీంకోర్టు డిసెంబరు 15న కొట్టివేసెను. పండ్రెండు దినముల పిదప, 27వ తేదీన, లోకసభ రద్దయ్యెను.

పల్లెటూరివానికి ఇవి దూరపు సంగతులని పట్టణవాసు లనుకొనవచ్చును. దూరపువి కావు. రచ్చబండకడ ఈ విషయము ఏ రూపమున వచ్చెడిదో తలచుకొనుడు.

"ఏం బావా, బ్యాంకులన్నీ సర్కారువైతే మనకు అప్పు పుడుతుందంటావా?"

"పుట్టకపోతే పాయె. ఇంతదాకా మనకు తెలిసింది షావుకారు గుమ్మం ఒక్కటేగా. రెండో గుమ్మం ఒకటుందని తెలిసిందిగా!"

"ఇవాళ బ్యాంకులు తీసుకున్నవాళ్లు రేపు పొలాలు తీసుకోరా?"

"తీసుకుంటే నీవి తీసుకుంటారు బావా. నాకేముందని తీసుకుంటారు?"

ఇట్టి మాటలలో మూర్ఖుడెవడు? ఇరువురిలో ఒక్కడును కాడు. పొలమున్నవానికి పొలము పోవునను భయము నిజమైనదే. 1973లో మన రాష్ట్రమున భూపరిమితి చట్టము రానేవచ్చెను. నూటికి రెండు మూడు రూపాయల నెలవడ్డీ కట్టి నలిగినవానికి రెండవ గుమ్మము మీది ఆశయు నిజమైనదే. ఆ జాబితాలో మన ఆంధ్రా బ్యాంకు లేదనియు, అది 1980లోగాని జాతీయము కాలేదనియు తెలిసిన చదువరి యొకడు అక్కడ నుండినచో ఆ వాదము ఇంకొక మెట్టు పైకి పోయెడిది. తన బ్రదుకులో తాను చూచినదానినిబట్టి మనుష్యుడు పక్షము వహించును. ఎదుటివాడు చూచినది తాను చూడలేదు గనుక వానిని ద్రోహియనియో, అమ్ముడుపోయినవాడనియో అనుకొనును. తగవు అచ్చట పుట్టుచున్నది. అభిప్రాయము వేరగుటయందు కాదు.

గుర్తులను గూర్చియు ఒక మాట. అంతవరకు కాంగ్రెసుకు కాడెద్దుల గుర్తు. అక్షరములు రానివారికి పార్టీ పేరుకన్న ఎద్దుల జతయే తెలియును. 1971లో ఆ గుర్తు చీలిన రెండు వర్గములలో నొకదానికిని దక్కలేదు. ఇందిర వర్గమునకు ఆవుదూడ, రెండవ వర్గమునకు రాట్నము తిప్పు స్త్రీ గుర్తులు వచ్చెను. ఎద్దులు లేని కాగితమును చూచి ఓటరు తన కెవరు కావలెనో తానే ఆలోచించుకొనవలసివచ్చెను. ఇంటి యజమాని చెప్పినచోట ముద్రవేయుటకు అలవాటుపడిన ఆడవారికిని ఈ మాట వర్తించును. మాటున నిలిచి ముద్రవేయు ఆ ఒక్క నిమిషమున భర్తయు లేడు, అత్తగారును లేరు.

ఇక ఫలితములు. ఇందిరాగాంధిగారి కాంగ్రెసునకు 518 స్థానములలో 352 వచ్చెను. దానికెదురుగా సంస్థా కాంగ్రెసు, జనసంఘము, స్వతంత్ర పార్టీ, సంయుక్త సోషలిస్టు పార్టీ కలిసి కూటమి కట్టియు నిలువలేకపోయినవి. రాజాజీగారును, మన రంగాగారును పెంచిన స్వతంత్ర పార్టీ 1967లో 44 స్థానములు గెలిచినది, 1971లో 8 స్థానములకు దిగెను. గెలిచినవారు దేశమంతయు మాతోనున్నదనిరి. ఓడినవారు దేశము మోసపోయినదనిరి. ఈ రెండు మాటలను లెక్కతో పరీక్షింతము.

1971లో పోలయిన ఓట్లలో గెలిచిన పార్టీకి వచ్చినవి నూటికి 43.68. అనగా ఓటు వేసిన నూరుమందిలో ఏబదియారుగురు ఇతరులకు వేసిరి. 1967లో చీలని కాంగ్రెసునకు 40.78 వంతు ఓట్లతో 283 స్థానములు వచ్చినవి. ఓట్లు నూటికి మూడు వంతులు పెరుగగా స్థానములు 69 పెరిగినవి. అంతేకాదు, 1971లో ఓటు హక్కున్న నూరుమందిలో పోలింగునకు వెళ్లినవారు సుమారు ఏబదియైదుగురు. కావున దేశమందలి ఓటర్లు నూరుమందిలో గెలిచిన పార్టీకి వేసినవారు పాతికమందికి లోపే.

దీనినిబట్టి ఆ గెలుపు అన్యాయమని నేను చెప్పుట లేదు. ప్రతి నియోజకవర్గమున ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుచునని నియమము. అందరును ఆ నియమమును ముందే యెరిగి బరిలోనికి దిగిరి. మన తెలుగువారికి ఈ లెక్క అంతకుముందే అనుభవమైనది. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలలో కమ్యూనిస్టు పార్టీకి నూటికి ముప్పదియొక్క ఓట్లు వచ్చియు, 196 స్థానములలో 15 మాత్రమే వచ్చినవి. నేను చెప్పదలచిన దేమనగా, శాసనము చేయు సభలో ఒక పక్షము అణగిపోయినంతమాత్రమున ఊరిలో ఆ పక్షము అణగిపోదు. అది వీధికి పది గడపలుగా, ఇంటికి ఒక మనిషిగా నిలిచియే యుండును. ఎన్నిక తీర్చునది 'పాలించువారెవరు' అను ఒక్క ప్రశ్నను మాత్రమే. 'సత్యమెవరిది' అను ప్రశ్నను అది తీర్చదు; తీర్చుటకు ఏర్పడినదియు కాదు. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుటవలననే ఓటు వేసిన మరునాడు ఊళ్లలో మనస్పర్థలు పుట్టుచున్నవి.

ఓడినవారు చేయు పొరపాటొకటి, గెలిచినవారు చేయు పొరపాటొకటి యున్నవి. మొదటిదానిని ముందుగా చెప్పుదును. 1971లో ఢిల్లీలో ఓడిపోయిన జనసంఘ నాయకుడు బలరాజ్ మధోక్‌గారు, బ్యాలెట్ కాగితములకు రసాయనము పూయబడినదనియు, ఓటరు వేసిన ముద్ర మాసిపోయి ఆవుదూడపై ముద్ర దానంతటదియే తేలునట్లు చేయబడినదనియు ఆరోపించిరి. ఆ మాట వినువారికి ఎంతో రుచించెను. తన పక్షము ఓడినదని యొప్పుకొనుటకన్న కాగితము మోసము చేసినదనుకొనుట మనస్సునకు సుఖము గదా! వ్యవహారము సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. ఆరోపణ రుజువు కాలేదు. ఆ యెన్నికలోనే రాయబరేలిలో ఓడిన రాజనారాయణ్‌గారు ఇందిరాగాంధిగారి ఎన్నిక చెల్లదని అలహాబాదు హైకోర్టులో దావా వేసిరి. సాక్షులు వచ్చిరి, కాగితములు వచ్చినవి, ప్రధానమంత్రియే బోనెక్కి సాక్ష్యమిచ్చిరి. 1975 జూన్ 12న హైకోర్టు ఆ ఎన్నికను రద్దుచేసెను. మారిన చట్టము ననుసరించి సుప్రీంకోర్టు ఆ తీర్పును పిమ్మట కొట్టివేసినను, రుజువుతో చేసిన ఫిర్యాదు దేశమునే కదలించెనన్నది నిజము. ఓడినవారికి ఫిర్యాదు చేయు హక్కు కలదు. వదంతికిని ఫిర్యాదునకును గల తేడా యేమనగా, ఫిర్యాదు చేసినవాడు రుజువు చూపవలసియుండును. వదంతి చెప్పినవాడు ఇంకొకనికి చెప్పి తప్పించుకొనును. నేడు వదంతి రచ్చబండ వరకు నడచి రానక్కరలేదు, చేతి ఫోనులోనికే వచ్చుచున్నది. దానిని ముందుకు పంపకమునుపు 'రుజువేది?' యని అడుగుట చదువుకొనినవాని కనీస ధర్మము.

గెలిచినవారి పొరపాటు ఇంతకన్న పెద్దది. ఓడినవాని మాట చచ్చినదని వారనుకొందురు. మన చరిత్రయే దీనికి సమాధానము. 1971లో దేశమంతట ఆవుదూడ గాలి వీచుచుండగా తెలంగాణములోని పదునాలుగు స్థానములలో పదింటిని మర్రి చెన్నారెడ్డిగారి నాయకత్వమున తెలంగాణ ప్రజాసమితి గెలిచెను. 1969 ఉద్యమమున ప్రాణములు పోగొట్టుకొనిన పిల్లల యిండ్ల యేడుపు ఇంకను చల్లారలేదు. ఆంధ్రప్రాంతపు పల్లెలలో ఆ ఫలితమును చూచి, వీరికి దేశము పట్టదా యని కొందరనిరి. తెలంగాణపు పల్లెలలో, మా బాధ మీకు పట్టినదా యని కొందరడిగిరి. ఇద్దరును ఒకే భాషలో అడిగిరి. ఒకరి మాట ఒకరికి చేరలేదు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయెను. ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డిగారు దిగిపోయి పి.వి. నరసింహారావుగారు వచ్చిరి. నాయకుల వ్యవహారము ముగిసెను. ఓటరు అడిగిన ప్రశ్న మాత్రము ముగియలేదు. మరుసటి సంవత్సరమే ఆంధ్రప్రాంతమున జై ఆంధ్ర ఉద్యమము లేచెను. అచ్చటను ప్రాణములు పోయినవి. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. పది స్థానముల ద్వారా 1971లో వినిపించిన మాటకు సమాధానము నలుబదిమూడేండ్లకు వచ్చెను. అది మంచిదా, కాదా యను విషయమున ఈ సభలోనే రెండభిప్రాయములు ఉండవచ్చును. విని చర్చింపవలసిన మాటను వినకుండ దాటవేసినచో దాని ఖరీదు సామాన్యుల పిల్లలు చెల్లింతురను విషయమున మాత్రము రెండభిప్రాయములు ఉండరాదు.

మనుష్యుల విషయమునను ఇదియే జరుగును. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిన సంజీవరెడ్డిగారు 1977 జూలైలో అదే పదవికి పోటీ లేకుండ ఎన్నికైరి.

ఆ 1977 ఎన్నికనే ఇంకొక వైపునుండి చూడుడు. అత్యవసర పరిస్థితి పిదప ఉత్తరదేశము కాంగ్రెసును తుడిచివేసెను. ఉత్తరప్రదేశములోని 85 స్థానములలోను, బీహారులోని 54 స్థానములలోను ఆ పార్టీకి ఒక్కటియు రాలేదు. మన రాష్ట్రమున 42 స్థానములలో 41 కాంగ్రెసే గెలిచెను; మిగిలిన ఒక్కటి, నంద్యాల, సంజీవరెడ్డిగారిది. ఉత్తరదేశీయులు మనలను చూచి తెలుగువారికి స్వాతంత్ర్యపు విలువ తెలియదనిరి. మనవారు వారిని చూచి కృతఘ్నులనిరి. నిర్బంధపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల బాధ ఉత్తరదేశపు పల్లెలను కాల్చినంతగా మన పల్లెలను కాల్చలేదు. వారు చూచినది మనవారిలో చాలమంది చూడలేదు; మనకు అందిన ఇండ్లస్థలమో, బ్యాంకు అప్పో వారి కండ్లకు ఆనలేదు. పత్రికలకు సంకెళ్లు వేసిన కాలము గనుక ఒకరి సంగతి యొకరికి తెలియు దారియు మూతపడియుండెను. పత్రిక మూతపడినచోట భేదాభిప్రాయము అజ్ఞానమగును. పత్రిక తెరచియున్నచోట అదియే జ్ఞానమునకు దారి యగును. ఈ గ్రంథాలయపు బల్లమీద నాలుగు పక్షముల పత్రికలు ప్రక్కప్రక్కన ఉండవలెనని నేను కోరుట ఇందుకే.

సోదరులారా, ఇంతవరకు మాటల తగవును గూర్చి చెప్పితిని. మాటతో ఆగని తగవు ఒకటి కలదు. పొలమున్న ఇరువురు ఎన్నిక పిదప పలుకరించుకొనకపోయినచో నష్టము స్వల్పము. సంక్రాంతి నాటికి మరల కలిసికొందురు. కూలికి పోవువాడు తన ఆసామి పక్షమునకు ఓటు వేయలేదని తెలిసినచో వానికి మరునాడు పని దొరకదు. కౌలుదారునకు మరుసటి యేడు పొలము దొరకదు. పింఛను కాగితము కదలదు. వాడు వాదింపలేదు, ఎవరిని నిందింపలేదు. మాటున నిలిచి ఒక ముద్ర వేసెను, అంతే. బలము చాలినంత లేనివానికి భేదాభిప్రాయము ఎంత ఖరీదైనదో ఆలోచింపుడు.

రహస్య ఓటు ఏర్పడినది వీనికొరకే. నీవెవరికి వేసితివని ఏ సాక్షిని బలవంతపెట్టరాదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము చెప్పుచున్నది. ఎన్నిక పిదప షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని ఓటును కారణముగా చేసికొని కొట్టినను, సాంఘికముగాగాని ఆర్థికముగాగాని వెలివేసినను, రావలసిన ప్రభుత్వ సహాయమును అడ్డగించినను నేరమని అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ స్పష్టముగా చెప్పినది. కాగితపు బ్యాలెట్ల కాలమున బెదరింపుల భయమున్నచోట పలు పెట్టెలలోని కాగితములను కలిపి లెక్కించుటకు నియమముండెను. ఏ వాడ యెవరికి వేసినదో తెలియకుండుటకే ఆ ఏర్పాటు. యంత్రములు వచ్చిన పిదప ప్రతి పోలింగు కేంద్రపు లెక్కయు విడిగా తెలియుచున్నది. లెక్కలను కలిపి చూపు పద్ధతిని తేవలెనని 2015లో న్యాయకమీషను సిఫారసు చేసెను. మన కేంద్రములో ఆ పార్టీకి ఎన్ని, ఈ పార్టీకి ఎన్ని యని లెక్కకాగితము తెచ్చి వీధిలో చదువుచున్నప్పుడు, ఆ అంకెల వెనుక ఏ వాడ యున్నదో అందరకును తెలియును. దానినిబట్టి ఒక వీధికి నీటికుళాయి వేసి ఇంకొక వీధికి మానినచో అది రాజకీయము కాదు, పగ.

కావున ఎన్నిక పిదప మనము పాటింపవలసిన మర్యాదలు మూడింటిని మీముందుంచుచున్నాను. మొదటిది, 'నీ వెవరికి వేసితి'వని బలహీనుని అడుగకుండుట. తనంతట తాను చెప్పినచో వినవచ్చును. ఆసామి అడిగినది ప్రశ్న కాదు, ఆజ్ఞ. రెండవది, వాదమును మనుష్యులమీదనుండి పనులమీదికి మరల్చుట. గెలిచిన పక్షమువారు ఏమి చేసెదమని వాగ్దానము చేసిరో ఆ కాగితమును గ్రంథాలయములో భద్రపరుపుడు. ఏడాదికొకమారు తీసి చదువుడు. 'గరీబీ హటావో' యని 1971లో గెలిచినవారిని, ఎంత పేదరికము తొలగెనని వారికి ఓటు వేసినవారే ముందుగా అడుగవలసియుండెను. ఓడినవాడు అడిగినచో అసూయ యందురు. గెలిపించినవాడు అడిగినచో సమాధానము చెప్పక తప్పదు. మూడవది, ఇంటిలో పిన్నలు పెద్దలతో విభేదించినప్పుడు దానిని ధిక్కారముగా భావింపకుండుట. కొడుకు వేరు ఓటు వేసెనన్న కోపముతో తండ్రి అన్నము దగ్గర మాటలాడకుండినచో ఆ కొడుకు మరల ఎన్నడును తన మనస్సులోని మాటను ఆ యింట చెప్పడు.

ఇవి పాటించుట కష్టమని మీరందురు. కష్టమే. కాని మన పల్లెలకు అలవాటు లేని విద్య కాదిది. నీటి వంతుల దగ్గర, గట్టు తగవుల దగ్గర, పంపకముల దగ్గర ఎంత ఘాటుగ వాదించుకొనినను, చావు వచ్చిన యింటికి రెండు పక్షములవారును పాడె మోయుటకు వచ్చుచునే యున్నారు. ఆ మర్యాదను రాజకీయములకు కూడ విస్తరింపజేయుమనియే నా విన్నపము.

గ్రంథాలయపు చందాదారులకు కడపట ఒక సూచన. రాబోవు ఎన్నిక యేదైనను, ఫలితములు వచ్చిన మొదటి ఆదివారము సాయంకాలము ఈ మందిరమున ఒక సభ జరుపుడు. గెలిచిన పక్షమువాడొకడు, ఓడిన పక్షమువాడొకడు, ఏ పక్షమును కానివాడొకడు పది పది నిమిషములు మాటలాడవలెను. కూలిపనివారును ఆడవారును వచ్చుటకు వీలైన వేళ నిర్ణయింపుడు. చప్పట్లు ముగ్గురికిని సమానముగా కొట్టనక్కరలేదు. ముగ్గురిని చివరివరకు వినిన చాలును. ఆ దినపు పత్రికలన్నిటిని కుట్టించి బీరువాలో పెట్టుడు. ఏబది యేండ్లకు మీ మనుమలు తీసి చదువుకొని, తాతలు ఏ విషయములపై పోట్లాడిరో, ఏది నిజమయ్యెనో, ఏది కాలేదో తెలిసికొందురు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునకు చేరవలెనని, అప్పటికి బల్లలు చాలనంతమంది చదువరులు పెరుగవలెనని కోరుచున్నాను.